ఐదో కన్నంలో ఉంది కిటుకు: జానపద ఆర్కెస్ట్రాకి హోనర్ స్పెషల్ 20 కంట్రీ ట్యూనింగ్ పనికొస్తుందా?

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో సంగీత వాయిద్యాల దుకాణానికెళ్లి మౌతార్గాన్ అడిగితే సాధారణంగా చేతిలో పెట్టేది ఇరవై నాలుగు కన్నాల ట్రెమొలో. ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లు (గాలికి కదిలి మోగే సన్నటి లోహపు రేకులు), వాటి మధ్య శ్రుతిలో వెంట్రుకవాసి తేడా. ఆ తేడా వల్లే అలలాగా ఊగే ఆ తియ్యటి నాదం. ఇంట్లో కూర్చుని పాత పాటలు వాయించుకోవడానికి అది బంగారం. స్టేజీ మీద, పక్కన కీబోర్డు, రిథమ్ ప్యాడ్, డప్పులు మోగుతుంటే మాత్రం ఆ ఊగుడే అడ్డు తగులుతుంది. స్వరం ఎక్కడ నిలబడిందో వినేవాళ్లకి తెలియదు, బెండింగ్ (ఊపిరితో స్వరాన్ని కిందకి వంచడం) రాదు, గమకం అసలే రాదు. అందుకే ఆర్కెస్ట్రాలో కుదురుకోవాలనుకునేవాళ్లు చివరికి ఒకే శ్రుతి మేజర్ స్కేల్ స్వరాలుండే పది కన్నాల డయాటోనిక్‌కే వస్తారు. అందులో ఎక్కువమంది కొనేది జర్మనీ కంపెనీ హోనర్ వాళ్ల స్పెషల్ 20.

ఈ సమీక్ష ఆ స్పెషల్ 20లోనే కంట్రీ ట్యూనింగ్ అనే రకం గురించి. పెద్దగా ప్రచారం లేని సరుకు. మామూలు దానికీ దీనికీ తేడా ఇరవై రీడ్లలో ఒకే ఒక్క రీడు. ఆ ఒక్కదాని వల్ల మన పాటలకి ఏమి కలిసొస్తుందో, ఏమి పోతుందో తెలుసుకునే కొనాలి. తీర్పు ముందే చెప్పేయవచ్చు: జానపదం, మెలొడీ వాయించే బృందంలో ఉన్నవాళ్లు తప్పకుండా పెట్టెలో ఉంచుకోవలసినది ఇది. కానీ మొదట కొనవలసినది మాత్రం ఇది కాదు.

పేరులో కంట్రీ అని ఎందుకున్నదో కొంచెం చెప్పుకోవాలి. అమెరికా కంట్రీ బ్యాండ్లలో మౌతార్గాన్ వాయించేవారు పాటంతా వాయించరు. పాడేవాళ్లు ఒక వరస ముగించి ఊపిరి తీసుకునే ఖాళీలో ఒక చిన్న ముక్క అందించి తప్పుకుంటారు. ఫిడేలు, స్టీల్ గిటార్ వాళ్లతో వంతులు పంచుకుంటారు. 2009లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన నాష్‌విల్ వాద్యకారుడు చార్లీ మెక్కాయ్ వాదనం వింటే ఆ పద్ధతి తెలుస్తుంది: స్వరం తరవాత స్వరం, ఒక్కొక్కటీ ముత్యంలాగా విడివిడిగా, ఫిడేలు వాయించినంత శుభ్రంగా. అలా మేజర్ స్కేల్‌లో శుభ్రంగా నడవాలంటే మామూలు మౌతార్గాన్‌లో ఒక స్వరం అడ్డొస్తుంది. దాన్ని సరిచేయడానికి పుట్టినదే కంట్రీ ట్యూనింగ్. ఇక్కడ జానపద ఆర్కెస్ట్రాలో మౌతార్గాన్ చేయవలసిన పని కూడా అచ్చం అదే. పల్లవికీ చరణానికీ మధ్య బిట్టు, పాడేవాళ్ల వరసల మధ్య ఫిల్లింగు, డప్పు దరువుకి తోడుగా కాసేపు రిథమ్. పాట మీద పడి వాయిస్తే పాడేవాళ్లు రెండోసారి పిలవరు.

ఇప్పుడు అసలు లెక్క. సి శ్రుతి మౌతార్గాన్ తీసుకుంటే, మధ్య స్థాయిలో నాలుగో కన్నం ఊదితే సి, పీల్చితే డి. ఐదు ఊదితే ఇ, పీల్చితే ఎఫ్. ఆరు ఊదితే జి, పీల్చితే ఎ. ఏడు పీల్చితే బి, ఊదితే సి. ఒకటి శ్రుతికి, అంటే సి కి, నిక్కమైన శంకరాభరణం, అదే మేజర్ స్కేల్. కానీ బ్యాండులో ఎవరూ సి వాయిద్యాన్ని సి పాటకి వాడరు. జి పాటకి, అంటే ఐదు శ్రుతికి వాడతారు. కారణం తేలిక: ఒకటి నుంచి నాలుగు కన్నాలు కలిపి పీల్చితే జి మేజర్ కార్డు వస్తుంది, బలమైన స్వరాలన్నీ పీల్చేవైపు పడతాయి, పీల్చేవాటిలో కింది కన్నాలే బెండ్ అవుతాయి. దీన్ని సెకండ్ పొజిషన్ అంటారు. మన భాషలో గుర్తుపెట్టుకునే సూత్రం ఒకటే: పాట శ్రుతి ‘సా’ అయితే, దాని శుద్ధ మధ్యమం పేరున్న మౌతార్గాన్ తియ్యాలి. ఐదు శ్రుతి పాటకి సి, రెండు శ్రుతి పాటకి జి, ఆరు శ్రుతికి డి, మూడు శ్రుతికి ఎ, ఒకటి శ్రుతికి ఎఫ్.

సెకండ్ పొజిషన్‌లో ఆ ఐదో కన్నం పీల్చే ఎఫ్, జి శ్రుతికి కైశికి నిషాదం (అరస్వరం తక్కువ ‘ని’) అవుతుంది. అంటే చేతికి వచ్చేది హరికాంభోజి. శంకరాభరణం పాటలకి, బిలహరి ఛాయ ఉన్న వరసలకి కావలసింది కాకలి నిషాదం (దానికి అరస్వరం పైన ఉండే ‘ని’). మామూలు వాయిద్యంలో మధ్య స్థాయిలో ఆ స్వరం కావాలంటే ఓవర్‌బ్లో (ఊపిరి తీరు మార్చి కన్నంలో లేని పై స్వరాన్ని రప్పించడం), లేదా రెండో కన్నం బెండ్ చేసి ఒక స్థాయి కిందకి దిగడం. రెండూ స్టేజీ మీద నమ్మదగినవి కావు. కంట్రీ ట్యూనింగ్‌లో ఆ ఎఫ్‌ని అరస్వరం పెంచి ఎఫ్-షార్ప్ చేశారు. అంతే. ఇప్పుడు రెండో కన్నం పీల్చడం దగ్గర మొదలుపెట్టి ఆరో కన్నం ఊదడం దాకా ఒక స్థాయి శంకరాభరణం దొరుకుతుంది.

దొరుకుతుంది కానీ, చిన్న మెలిక ఉంది. ఆ స్థాయిలో రిషభం అంటే ఎ. అది ఏ కన్నంలోనూ నేరుగా లేదు. మూడో కన్నం పీల్చితే వచ్చే బి ని రెండు అరస్వరాలు కిందకి బెండ్ చేసి నిలబెట్టాలి. మూడో కన్నంలో బెండ్లు మూడున్నాయి, కావలసింది నడిమిది. ఇది ఈ వాయిద్యంలోకెల్లా కష్టమైన స్వరం, కంట్రీ ట్యూనింగ్ దీనికేమీ సాయం చేయదు. తంబూరా యాప్ ఐదు శ్రుతిలో పెట్టుకుని, ఆ ఒక్క స్వరాన్నే రోజూ పది నిమిషాలు నిలబెట్టడం సాధన చేస్తేగాని స్టేజీ మీదికి తేకూడదు. లేదా ఆ వరసని పై స్థాయిలో, ఆరో కన్నం దగ్గర మొదలుపెట్టి వాయించుకోవాలి. అక్కడ ఎ సిద్ధంగా ఉంటుంది. అయితే పై స్థాయిలో తొమ్మిదో కన్నం పీల్చితే వచ్చేది మార్చని ఎఫే. అక్కడ కాకలి నిషాదం కావాలంటే తొమ్మిదో కన్నం ఊదుతూ జి ని అరస్వరం దించాలి. ఒకే వాయిద్యంలో కింద ఒక నిషాదం, పైన ఇంకో నిషాదం అన్న సంగతి తెలియకుండా కొన్నవాళ్లు వాయిద్యం పాడైందనుకుంటారు. పాడవలేదు, తయారీయే అంత.

ఐదో రీడు మారడం వల్ల కంపెనీ వివరాల్లో కనబడని లాభాలు కొన్ని ఉన్నాయి. స్వరజ్ఞానం ఉన్నవాళ్లకి ఇవి వెంటనే తడతాయి. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పుతూ నడిపించిన ఊరు విజయనగరం. ఆ గాలి సోకినవాళ్లకి ఈ భాషలో చెప్పడమే సుఖం. అదే సి వాయిద్యాన్ని సి శ్రుతికే వాడితే, నాలుగు నుంచి ఏడు కన్నాల మధ్య ఇప్పుడు ఎఫ్ బదులు ఎఫ్-షార్ప్, అంటే ‘ప్రతి మధ్యమం’ అనే స్వరం పడుతుంది. మేచకల్యాణి! ఎక్కేటప్పుడు మోహన, దిగేటప్పుడు కల్యాణి అన్న మోహనకల్యాణి ఒక్క బెండు లేకుండా వస్తుంది. ఇక డి ని ‘సా’ చేసుకుని నాలుగో కన్నం పీల్చడం దగ్గర మొదలుపెడితే, మామూలు వాయిద్యంలో ఖరహరప్రియ వచ్చేచోట దీనిలో హరికాంభోజి వస్తుంది. అంటే పోయిందనుకున్న హరికాంభోజి ఎక్కడికీ పోలేదు, ఐదు శ్రుతి నుంచి రెండు శ్రుతికి మారిందంతే.

పోయేవి కూడా చెప్పాలి. బ్లూస్ రంగు పోతుంది. రెండు నుంచి ఐదు దాకా కలిపి పీల్చితే మామూలు వాయిద్యంలో వచ్చే ఆ సెవెంత్ కార్డు ఇందులో రాదు. కైశికి నిషాదం మీద నడిచే వరస ఐదు శ్రుతిలో వాయించాలంటే ఇబ్బంది. కాకపోతే ఐదో కన్నంలో ఇప్పుడు ఊదే ఇ కి, పీల్చే ఎఫ్-షార్ప్‌కి మధ్య ఒక అరస్వరం చోటు ఏర్పడింది కాబట్టి బెండ్ చేస్తే ఎఫ్ వస్తుంది. మామూలు దానిలో ఐదో కన్నంలో ఆ చోటే లేదు. నిదానంగా నడిచే పాటలో ఇది పెద్ద వరం, ఒకే కన్నంలో రెండు నిషాదాలు, వాటి మధ్య జారు. ద్రుతంలో మాత్రం నమ్ముకోకూడదు. మోహన, మధ్యమావతి వాయించేవాళ్లకి ఏ రకమైనా ఒకటే. మోహనలో నిషాదమే లేదు. మధ్యమావతిని సి వాయిద్యం మీద రెండు శ్రుతిలో పట్టుకుంటే నాలుగు పీల్చు, ఐదు ఊదు, ఆరు ఊదు, ఆరు పీల్చు, ఏడు ఊదు, ఎనిమిది పీల్చు. ఐదో కన్నం పీల్చే అవసరమే రాదు. మన జానపదాల్లో మధ్యమావతి పోలిక ఎంత తరచుగా వినబడుతుందో తెలిసినవాళ్లు ముందు మామూలు రకమే కొనమనడానికి ఇదొక కారణం. దానితో అన్నీ కాకపోయినా చాలా పాటలు గడుస్తాయి.

వాయిద్యం కట్టుబడి సంగతి. స్పెషల్ 20కి లోపలి దువ్వెన (రీడ్ ప్లేట్ల మధ్య గాలి గదులుండే చట్రం) ఏబీఎస్ ప్లాస్టిక్, రీడ్ ప్లేట్లు 0.9 మిల్లీమీటర్ల ఇత్తడి, ప్లేట్ల అంచులు దువ్వెన లోపలికి అణిగి ఉంటాయి. పెదవికి లోహం తగలదు, గాలి పక్కలనుంచి కారదు. మన తీరప్రాంతపు ఉక్కకి ఈ ప్లాస్టిక్ చాలా ముఖ్యం. హోనర్ 1896 నుంచి చేస్తున్న మెరీన్ బ్యాండ్ నాదంలో ఒక వెచ్చదనం ఉంది, కాదనలేం. కానీ దాని పాత పద్ధతి రకానికి పియర్ చెట్టు కలప దువ్వెన, మేకులతో బిగింపు. గంటసేపు వాయిస్తే ఉమ్మి తేమకి, బయట గాలి తేమకి కలప ఉబ్బి పళ్లు బయటకి పొడుచుకొస్తాయి, పెదవి కోసుకుంటుంది. ఎండితే మళ్లీ కుంచించుకుని గాలి కారుతుంది. గొల్లపల్లిలో బొబ్బిలి వీణకి పనసకలపను ఎంత ఆరబెట్టి వాడతారో తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. మెరీన్ బ్యాండ్ డీలక్స్‌లో కలపకి పూత వేసి మరలు బిగిస్తారు, ఆ ఇబ్బంది తగ్గుతుంది, ధర పెరుగుతుంది.

లీ ఆస్కార్ పేరుతో జపాన్ టోంబో కంపెనీ చేసే మెలొడీ మేకర్ దీనికి గట్టి పోటీ. అందులో ఐదుతోపాటు తొమ్మిదో కన్నం పీల్చే రీడు కూడా అరస్వరం పెంచి ఉంటుంది, మూడో కన్నం ఊదే జి ని ఏకంగా ఎ చేశారు. పైన చెప్పుకున్న రిషభం బాధ తీరిపోయినట్టే. బెండింగ్ ఇంకా చేతికి రానివాళ్లకి స్వరవరసలు వాయించడానికి అదే మేలు. అయితే ఊదే కార్డు చెడిపోతుంది కాబట్టి డప్పుకి తోడుగా రిథమ్ కొట్టడానికి పనికిరాదు. తప్పెటగుళ్ల దరువు మీద ఒకటి నుంచి నాలుగు కన్నాలు పీల్చి-ఊది, పీల్చి-ఊది నడిపించే ఆ గుర్రపునడక స్పెషల్ 20లోనే నిండుగా వస్తుంది. ఇంకో సంగతి, మెలొడీ మేకర్ మీద అచ్చువేసే శ్రుతి సెకండ్ పొజిషన్‌ది. జి అని రాసి ఉన్నది స్పెషల్ 20 లెక్కలో సి. చూసుకోకుండా ఆర్డరు పెడితే వేరే శ్రుతిది ఇంటికొస్తుంది.

పన్నెండు కన్నాల క్రొమాటిక్ గురించి అడిగేవాళ్లూ ఉంటారు. పక్కన మీట నొక్కితే పన్నెండు స్వరాలూ వస్తాయి, ఒక్కటి కొంటే అన్ని శ్రుతులూ. నిజమే. కానీ ధర బాగా ఎక్కువ, లోపలి పలుచటి వాల్వులు తేమకి అంటుకుపోయి చప్పుడు చేస్తాయి, జానపదానికి కావలసిన ఆ గరుకు బెండు దానిలో రాదు.

స్టేజీ మీద ఎదురయ్యే మొదటి గొడవ శ్రుతి. కీబోర్డు వాయించేవాళ్లు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అరస్వరం దించేస్తారు, మౌతార్గాన్ పట్టుకున్నవాళ్లు ఉన్నచోటే ఉండిపోతారు. కార్యక్రమానికి ముందే పాటల జాబితా తీసుకుని ప్రతి పాట పక్కన శ్రుతి రాయించుకోవాలి, దాని పక్కన ఏ వాయిద్యమో రాసుకోవాలి. గాయని గొంతు ఆరోజు బాగోలేక ఆరు శ్రుతి పాట ఐదున్నరకి దిగితే డి వాయిద్యం పక్కన పెట్టి డి-ఫ్లాట్ కావాలి. అది పెట్టెలో లేకపోతే ఆ పాటకి వాయించకపోవడమే మర్యాద. మొదట సి, జి, డి, ఎ, ఎఫ్ అయిదూ మామూలు రకం. ఆ తరవాత ఏ శ్రుతిలో ఎక్కువ పాటలొస్తున్నాయో చూసుకుని ఆ ఒక్కటీ కంట్రీ ట్యూనింగ్. గాయనులు ఎక్కువగా ఐదు, ఆరు శ్రుతుల్లో పాడతారు కాబట్టి చాలామందికి అది సి గానో డి గానో తేలుతుంది. ఎఫ్ వాయిద్యం కాస్త కీచుగా ఉంటుంది, పైకన్నాల జోలికి వెళ్లకపోతే వినసొంపుగానే ఉంటుంది.

రెండోది 440 లెక్క, అంటే కీబోర్డు మీద ఎ స్వరానికి పెట్టే 440 హెర్ట్జ్ కొలత. హోనర్ వాళ్లు కొద్దిగా పైన, 442 ప్రాంతంలో శ్రుతి చేసి పంపుతారు. గట్టిగా ఊదితే రీడు శ్రుతి కొంచెం దిగుతుంది కాబట్టి ఆ పైచేయి అక్కడ సరిపోతుంది. మెత్తగా ఊదేవాళ్లకి కీబోర్డు కంటే మౌతార్గాన్ పైన ఉన్నట్టు వినబడితే అది వాయిద్యం తప్పు కాదు. వాయించేంత జోరుతోనే ట్యూనర్‌లో చూసుకోవాలి.

మైకు మామూలు గాయకుల మైకు చాలు. షూర్ ఎస్ఎం-58 లాంటిది ఏ సౌండ్ వాళ్ల దగ్గరైనా ఉంటుంది. మైకునీ వాయిద్యాన్నీ కలిపి అరచేతుల్లో మూసి పట్టుకుంటే నాదం బొద్దుగా వస్తుంది కానీ, మైకు వెనకవైపు గాలి మూసుకుపోయి కూత మొదలవుతుంది. చేతుల మధ్య ఒక వేలి సందు వదలాలి. వాయించేవాళ్లకి వినబడేందుకు పెట్టే మానిటర్ స్పీకర్ సరిగ్గా మైకు వెనకవైపు ఉండాలి, పక్కకి వద్దు. మిక్సర్ దగ్గర ఉన్నవారిని రెండే అడగాలి: 120 హెర్ట్జ్ కింద కోసేయమని, మూడు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల కొద్దిగా తగ్గించమని. జి వాయిద్యంలో అన్నిటికంటే కింది స్వరమే 196 హెర్ట్జ్, కింద కోస్తే పోయేదేమీ లేదు. ముఖ్యంగా ఎకో. గాయకులకి పెట్టిన ఎకోనే మౌతార్గాన్‌కీ ఉంచేస్తే డప్పు మీద వాయించే చిన్న చిన్న ముక్కలన్నీ కలిసిపోయి ముద్దవుతాయి. మౌతార్గాన్‌కి సగానికి తగ్గించమనాలి.

వాయిద్యం ఆరోగ్యం గురించి. విజయదశమి తరవాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రోజుల్లో ఉక్క, వాన. మాఘంలో అరసవల్లి రథసప్తమి, తెల్లవారుజామున చలి. చలిలో చల్లటి రీడు మీద వెచ్చటి ఊపిరి తగిలితే నీటి చుక్క కడుతుంది, రీడు పలకదు. వాయించే పావుగంట ముందు చొక్కా జేబులోనో అరచేతుల్లోనో వెచ్చబెట్టుకుంటే ఆ బాధ ఉండదు. తీపి టీ తాగి, కిళ్లీ నమిలి, పెళ్లిభోజనం చేసి నోరు పుక్కిలించకుండా ఊదితే ఆ తీపి రీడు మీద ఎండి గట్టిపడుతుంది. చాలా వాయిద్యాలు మూగబోయేది దీనివల్లే. అయ్యాక కన్నాలు కిందకి ఉండేలా అరచేతిలో తట్టి నీళ్లు దులిపి, పెట్టె మూత తీసి గంటసేపు ఆరనివ్వాలి. ప్లాస్టిక్ దువ్వెన కాబట్టి నెలకోసారి గోరువెచ్చని నీళ్లలో ముంచి తియ్యవచ్చు, వేడినీళ్లు వద్దు. రీడు మీద చిలుము కనబడిందని ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి రుద్దకూడదు. పులుపు లోహాన్ని తింటుంది, శ్రుతి మారిపోతుంది, పిప్పి సందుల్లో ఇరుక్కుంటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండో కన్నం పీల్చితే పలకడం లేదని ఫిర్యాదు చేస్తారు. దాదాపు ఎప్పుడూ అది వాయిద్యం లోపం కాదు. నాలుక వెనక్కి లాగి తెలియకుండానే బెండ్ చేస్తున్నారన్నమాట. దవడ వదులు చేసి, ఆవలింత వచ్చినట్టు గొంతు తెరిస్తే పలుకుతుంది. అసలు పాడయ్యేది తరచుగా నాలుగు, ఐదు కన్నాల పీల్చే రీడ్లు. బలవంతంగా బెండ్ చేస్తే లోహం అలిసిపోయి శ్రుతి దిగుతుంది, ఇంకా వాయిస్తే చీలుతుంది. దిగడం మొదలైనప్పుడే పట్టుకోవాలంటే పది రోజులకోసారి ట్యూనర్‌లో అన్ని కన్నాలూ చూసుకోవడం ఒక్కటే మార్గం.

చేతిలో పాత మామూలు స్పెషల్ 20 ఉన్నవాళ్లు కంట్రీ రకం కొనకుండా ఆ ఒక్క రీడునీ ఇంట్లోనే మార్చుకోవచ్చు. సరిపోయే చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో రెండు మరలు విప్పి కింది మూత తియ్యాలి. పీల్చే రీడ్లు ఆ ప్లేటుకి బయటివైపే ఉంటాయి కాబట్టి ప్లేటు విప్పనక్కర్లేదు. పొడవైన రీడు వైపునుంచి ఐదోది. దాని కిందకి పలుచటి ప్లాస్టిక్ ముక్క, పాత ఎక్స్‌రే ఫిల్మ్ కత్తిరించినదైనా సరే, దూర్చి ఆనింపు ఇవ్వాలి. రివెట్ లేని కొస దగ్గర, రీడు పొడుగునా, సన్నటి ఆకురాయితో రెండు మూడు సార్లు మెల్లగా గీసి, పొడి బ్రష్‌తో దులిపి, పీల్చి చూడాలి. కొస దగ్గర బరువు తగ్గితే శ్రుతి పెరుగుతుంది. మొదట్లో, అంటే రివెట్ దగ్గర, గీస్తే తగ్గుతుంది. రాపిడికి రీడు వేడెక్కి శ్రుతి తక్కువ చూపిస్తుంది, చల్లారాక పెరుగుతుంది. కాబట్టి చివరి కొద్దిదూరంలో ప్రతిసారీ అయిదు నిమిషాలు ఆగాలి. అడ్డంగా గీయకూడదు, గీత పడినచోటే తరవాత చీలుతుంది. అరస్వరం పెంచడమంటే చిన్న పని కాదు, గంట పడుతుంది. కొత్త వాయిద్యం మీద కాకుండా పాతదాని మీద చేయి తిప్పుకోవాలి. అయ్యాక రీడు కొసకీ ప్లేటుకీ మధ్య సందు సుమారు రీడు మందమంత ఉందో లేదో చూడాలి. ఎక్కువైతే గాలి వృథా, తక్కువైతే గట్టిగా పీల్చినప్పుడు రీడు బిగుసుకుపోతుంది.

ధర విషయంలో, ఒక స్పెషల్ 20 పెట్టే డబ్బుకి చౌకరకం ట్రెమొలోలు కొన్ని వస్తాయి, అయిదు శ్రుతులు కొనాలంటే భారమే. ఒకేసారి కొనక్కర్లేదు. కంట్రీ రకం మన జిల్లాల దుకాణాల్లో ఎదురుగా ఉండే సరుకు కాదు, విశాఖలో చెప్పి తెప్పించుకోవాలి లేదా ఆన్‌లైన్. నోట పెట్టిన వాయిద్యాన్ని చాలాచోట్ల వెనక్కి తీసుకోరు కాబట్టి సీలు తెంచకముందే పెట్టె మీద శ్రుతి, కంట్రీ అన్న మాట రెండూ చదువుకోవాలి. తెరిచాక సి వాయిద్యమైతే ఐదో కన్నం పీల్చి ఫోన్ ట్యూనర్‌లో చూడాలి. ఎఫ్-షార్ప్ చూపిస్తే సరైనది. ఎఫ్ చూపిస్తే మీకొచ్చింది మామూలు రకం.